తడి ఆరని రోజులు

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిన నిమిషంలో నా రెండు చేతులకీ పెసరట్టు పిండి ఉంది. పోపులడబ్బాకి ఆనించిన ఫోను వెలిగింది. మోచేత్తో తట్టబోతే జారి కిందపడింది. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, ఫోను తీసి, పైకి చదివారు. సముద్ర సూచనల కేంద్రం, తుపాను విభాగం, హెచ్చరిక అధికారి ఉద్యోగం. మౌఖిక పరీక్ష పదమూడు రోజుల తర్వాత, బుధవారం ఉదయం పది గంటలకు.

చదవడం అయ్యాక ఆయన నా చేతిలో గరిటె లాక్కుని మైకులా పట్టుకున్నారు. కోస్తా ప్రజలకు ముఖ్య గమనిక అంటూ వంటగది చుట్టూ తిరిగారు. ఈలోగా అట్టు మాడింది. మాడిన ముక్క ఆయన తిని, మాడని ముక్క నాకు పెట్టారు. ఆ రోజు గోడ మీది క్యాలెండరులో ‘గరిటె’ అని రాశాను.

ఆ క్యాలెండరు సంగతి చెప్పాలి. మా పెళ్ళి మాఘమాసంలో అయింది. విశాఖలో మధురవాడ వైపు, ఇంకా సగమే కట్టిన అపార్ట్‌మెంటులో రెండో అంతస్తులో కాపురం పెట్టాం. ఆయన అక్క, సువర్చల వదిన, పెద్ద అంకెల క్యాలెండరొకటి తెచ్చి తగిలించి, పాల ప్యాకెట్టు వచ్చిన రోజున చుక్క పెట్టుకోమంది. నేను చుక్క పక్కన ఒక మాట కూడా రాయడం మొదలుపెట్టాను. ఆ రోజు మొత్తంలో నాకు బాగా నచ్చినదేదో దాని పేరు. ఒక్క మాటే, గడిలో అంతకంటే పట్టదు. ‘లిఫ్ట్’. ‘కప్ప’. ‘జీడిపప్పు’. ‘గొడుగు’. ఎవరైనా చూస్తే పిచ్చి అనుకుంటారు. నాకు తప్ప ఇంకెవరికీ అర్థం కాకపోవడమే అందులో సరదా. నూట పది రోజుల్లో ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

పిలుపు వచ్చినందుకు సంతోషపడ్డానే గానీ, మధ్యాహ్నానికల్లా నా అరచేతులు చల్లబడ్డాయి. అదే కేంద్రంలో ఇదివరకు రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళాను. మొదటిసారి, తీవ్ర వాయుగుండంలో గాలి వేగం ఎంత అని అడిగారు. ఎమ్మెస్సీలో నేను మా క్లాసుకి చెప్పిన పాఠం అది. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. రెండోసారి మా నాన్న పేరు అడిగితే ఒక క్షణం అదీ రాలేదు. బల్లకి అవతల ఉన్నాయన నీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. ఆ గ్లాసు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఇది మూడోసారి. వయోపరిమితి ప్రకారం ఇదే ఆఖరు.

మరో ఉద్యోగం చూసుకోవచ్చు కదా అని చాలామంది అన్నారు. మాది ఉప్పాడ. నాకు ఏడేళ్ళప్పుడు ఒక తుపాను రాబోతుంటే, రేడియోలో ఒక ఆడమనిషి గొంతు, ఏ తొందరా లేకుండా, అన్నం తినమని చెప్పినట్టు, ఇల్లు వదిలి బడికి వెళ్ళమని చెప్పింది. మా నాన్న మమ్మల్ని ఎత్తుకుని బడికి పరిగెత్తాడు. పక్కింట్లో రేడియో లేదు. ఆ ఇంట్లో నాతో గవ్వలాడే పిల్ల ఉండేది. అప్పటినుంచి ఆ గొంతు నాది కావాలని అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.

ఇదంతా ఆయనకి తెలుసు. అందుకే ఆ సాయంత్రం లిఫ్టు పనిచేయక మెట్లు దిగుతుంటే, మొదటి అంతస్తు మలుపులో ఆగారు. అక్కడ సిమెంటులో ఒక కుక్క పాదముద్ర ఉంది. కొత్తగా పోసిన రోజున ఎవరి కుక్కో నడిచిపోయింది. రోజూ దాన్ని తొక్కకుండా దాటడం నాకొక ఆట. ఆయన వంగి ఆ గుంటలో వేలు పెట్టి, జ్ఞాపకం కూడా ఇలాంటిదేనన్నారు. పోసిన రోజున మెత్తగా ఉంటుంది, ఏ భయం తొక్కినా చెదిరిపోతుంది. నెలల తరబడి నీళ్ళు పట్టి ఆరితేనే రాయి అవుతుంది. “నువ్వు చదివింది నీ బుర్రలోనే ఉంది చారూ. ఆరలేదు, అంతే. మేం దాన్ని ఒక్క మధ్యాహ్నంలో ఆరబెట్టగలం.”

ఆయన ఋషికొండ మీద ఒక మెదడు పరిశోధనశాలలో పనిచేస్తారు. నాలుగేళ్ళుగా వాళ్ళు చేస్తున్నది ఒక టోపీ. చలికాలంలో మునసబులు పెట్టుకునే మంకీ క్యాపులా ఉంటుంది, లోపలంతా సన్నటి తీగలు. చదవాల్సింది చదివి, అది పెట్టుకుని గంటన్నర నిద్రపోతే చాలు, చదివింది గట్టిపడిపోతుంది. ఎవరైనా అడిగితే సొంత పేరు చెప్పినంత తేలిగ్గా వచ్చేస్తుంది. దాన్ని అప్పటికి పన్నెండుమంది మీద పరీక్షించారు. అందరూ ఆ పరిశోధనశాల హాస్టల్లో ఉండే కుర్రాళ్ళే, అందులో పెళ్ళికి ముందు ఆయన కూడా ఒకరు. ఏమైనా తేడా చేసిందా అని అడిగాను. ఏమీ లేదని నవ్వారు. పోయిన నెల మెస్సులో ఏం తిన్నామో గుర్తులేదని ఇద్దరు ముగ్గురు అన్నారట. ఆ సాంబారు మర్చిపోవడం ఉచితంగా వచ్చిన లాభం అని అందరూ సంబరపడ్డారట. నేనూ నవ్వాను.

ఆ శనివారం మధ్యాహ్నం మొదటిసారి టోపీ పెట్టుకున్నాను. పరిశోధనశాల అధిపతి కుముదిని గారు ముందుగా ఒక ఫారం ఇచ్చారు. టోపీకి ముందూ తర్వాతా అవే ప్రశ్నలు అడుగుతారు, జవాబులు సరిపోవాలి. అమ్మ పుట్టిల్లు ఏ ఊరు, ఒకటో తరగతి పంతులుగారి పేరు ఏమిటి, చిన్నప్పుడు ఉన్న వీధి ఏది, ఇలాంటివి ముప్ఫై. నిద్రలేచాక ముప్ఫై జవాబులూ సరిగ్గా చెప్పాను. కుముదిని గారు టిక్కులు పెట్టి, బాగుందమ్మా అన్నారు.

బాగుండటమేమిటి, అద్భుతంగా ఉంది. ఇంటికి వచ్చాక ఆయన భుజాన తువ్వాలు వేసుకుని ఇంటర్వ్యూ బోర్డు ఛైర్మన్‌లా మంచం మీద కూర్చున్నారు. నేను కింద కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. తీవ్ర వాయుగుండం అన్నారు. గాలి వేగం ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై మూడు నాట్లు అన్నాను, కత్తి ఆపకుండా. తుపాను? ముప్ఫై నాలుగు నుంచి నలభై ఏడు. తీరం దాటే చోట ఉప్పెన ఏ వైపు ఎక్కువ, ఎందుకు? చెప్పాను. నోరు ఎండలేదు, అరచేతులు తడవలేదు. ఛైర్మన్ గారు తువ్వాలు తీసి గాల్లో తిప్పారు. సోమవారం, బుధవారం మరో రెండుసార్లు వెళ్ళాను.

మొదటి భయం ఆ సోమవారం పొద్దున్నే వేసింది, కానీ అది భయమని నేను ఒప్పుకోలేదు. పాల చుక్క పెట్టబోతూ, గురువారం గడిలో ‘గరిటె’ అని చూశాను. ఏ గరిటె? ఇంట్లో ఉన్నవి మూడే. మూడూ తీసి చూశాను. కొత్తది ఏదీ లేదు. ఏదో హడావిడిలో మరిచానని సర్దుకున్నాను. మర్నాడు చూస్తే ఆ పై వరుసలోని ఏడు మాటలూ అంతే. ‘గొడుగు’ నా అక్షరాలే, కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను. అంత నచ్చిన గొడుగు ఏది? వాన ఎప్పుడు పడింది? ఇద్దరం తడిశామా, తడవలేదా? లోపల ఒక తలుపు తీసి చూస్తే గది ఉండాల్సిన చోట గోడ ఉన్నట్టు ఉంది.

ఆయనతో చెప్పలేదు. చెబితే టోపీ ఆపేస్తారు. బుధవారం మూడోసారి పెట్టుకోవాలి, అందులో బోర్డు వాళ్ళు ఎక్కువగా అడిగే ఉపగ్రహ చిత్రాల భాగం ఉంది. మాటలు పోతే పోయాయి, ఉద్యోగం వచ్చాక కూర్చుని అడిగి తెలుసుకుంటాననుకున్నాను. నిజానికి నాకు వణుకు పుట్టింది క్యాలెండరు చూసి కాదు. బుధవారం సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తుంటే కింద ఒక స్కూటరు హారన్ రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా మోగింది. నా గుండె ఎగిరి గంతేసింది. మొహం వేడెక్కింది. పెదాలు వాటంతటవే నవ్వాయి. ఎందుకో నాకు తెలియదు. ఆ హారన్ ఎవరిదో తెలియదు. కారణం లేని సంతోషం అంత భయంకరంగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఎవరి ఒంట్లోకో దూరినట్టు అనిపించింది. రెండు నిమిషాలకి ఆయన హెల్మెట్ పట్టుకుని లోపలికి వచ్చారు.

ఆదివారం వదిన భోజనానికి పిలిచింది. వాళ్ళు గాజువాకలో కొత్త ఇంటికి మారారు. మేం మెట్లెక్కేసరికి ఆవిడ గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది. ఎదురింటి ఇద్దరు ఆడవాళ్ళు కూడా నవ్వుమొహాలతో తలుపు దగ్గర చేరారు. కొత్త ఇంటికి కొత్త జంట రావడం ఇదే మొదలు గనక పేర్లు చెప్పి తీరాలి.

“పేర్లు చెప్తేగానీ గడప దాటనిచ్చీది లేదు. ముందు తమ్ముడు,” అంది వదిన.

ఆయన నేనూ చారుమతీ వచ్చామని గబగబా చెప్పేశారు. చారు ఇంట్లోనే ఉందిరా, నువ్వు తేనక్కర్లేదని వదిన అంటే అందరూ నవ్వారు. తర్వాత నా వంతు.

“నేనూ...” అన్నాను.

తర్వాత ఏమీ లేదు. నాలుక చివర ఉన్న మాట అయితే కనీసం మొదటి అక్షరమైనా తగులుతుంది. ఇక్కడ ఏదీ తగల్లేదు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టయింది. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను ఆయన్ని పేరుపెట్టి పిలవలేదు. ఎదురుగా ఏమండీ అంటాను, నలుగురిలో ఆయన అంటాను. మా అమ్మ, అమ్మమ్మ అందరూ అంతే. ఆ పేరు నా నోట ఎప్పుడూ తిరగలేదు గనక అది ఎప్పుడు పోయిందో నాకు తెలియనే లేదు. ఇది చదువుతున్నవాళ్ళు కూడా గమనించి ఉండరు.

“సిగ్గు చూడండి మా మరదలికి,” వదిన ఎదురింటివాళ్ళతో అంది. “ఇంటర్వ్యూలో కూడా ఇలాగే ముడుచుకుపోతావేటమ్మా?”

అందరూ నవ్వుతున్నారు. నేను సాయం కోసం పక్కకి తిరిగాను. ఆయన ఒక్కరే నవ్వడం లేదు. నా కళ్ళలోకి చూస్తున్నారు, మెషీన్ మీద అంకెలు చదివే చూపుతో. ఎండగా ఉందక్కా అంటూ వదిన చెయ్యి తీసి నన్ను లోపలికి నడిపించారు. ఆ రోజు గుత్తివంకాయ ఎలా ఉందో ఇద్దరికీ తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మెల్లగా అడిగారు, నా పేరేమిటి చారూ అని. తల అడ్డంగా ఊపాను. ఆయన చెప్పారు. నేను పదిసార్లు లోపల అనుకున్నాను. మంచి పేరు, నోటికి హాయిగా ఉందని కూడా అనిపించింది. ఇంటికి రాగానే క్యాలెండరు ముందు నిలబెట్టి, ఈరోజు దగ్గర్నుంచి వెనక్కి ఒక్కొక్క మాటే అడిగారు. జ్యేష్ఠం అంతా పోయింది. వైశాఖం పోయింది. చైత్రంలో ‘లిఫ్ట్’ దగ్గర కూడా నేను నిలబడిపోతే, ఆయన కుర్చీలో కూలబడి, మొహం చేతుల్లో దాచుకున్నారు. లిఫ్టులో ఏం జరిగిందని అడిగాను.

మాఘంలో మొదటి పదిహేను మాటలు, పెళ్ళి, దానికి ముందు పెళ్ళిచూపులు, అవి మాత్రం ఉన్నాయి. పందిట్లో తలంబ్రాలు ఆయన కంట్లో పడటం, అరగంట దాకా ఒక కన్ను మూసుకునే కూర్చోవడం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. పేరు మాత్రం పందిట్లో మంత్రాల్లో ఎక్కడో కలిసిపోయింది.

సోమవారం పొద్దున్న లేచేసరికి ఆటోలో పదిసార్లు అనుకున్న పేరు మళ్ళీ లేదు. టోపీ పెట్టుకుని అయిదు రోజులైంది, అయినా ఆగలేదు. అప్పుడు ఇద్దరం కొండమీదికి పరిగెత్తాం.

కుముదిని గారు చాలాసేపు తెర మీది బొమ్మలు చూశారు. గట్టిపడుతున్న చదువు తనకి చోటు కావాలని పక్కకి తోస్తోంది, ఏది మెత్తగా ఉంటే దాన్ని. అందరికంటే మెత్తగా ఉండేవి ఇటీవలి రోజులు. పూర్తిగా ఆరేదాకా, మరో రెండు మూడు నిద్రల దాకా, ఇది ఆగదన్నారు. ముందు ఎందుకు తెలియలేదని నేను అడిగాను. ఆవిడ ఆయన వైపు చూశారు.

“ఆ ఫారం రాసింది నేనే,” అన్నారాయన. “అమ్మ పుట్టిల్లు అడిగాను, బడి అడిగాను. పోయిన నెల సంగతి ఒక్క ప్రశ్న కూడా పెట్టలేదు. మా పన్నెండుమందికీ పోయిన నెల అంటే మెస్సే కదా. పోతే తెలిసేది ఎవరికి?”

ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం ఆ పన్నెండుమంది మీద జాలి వేసింది. వాళ్ళలో ఎవరికి ఏ సాయంత్రం పోయిందో, ఏ స్నేహితుడు ఏ మాట అన్నాడో, వాళ్ళకే తెలియదు.

కుముదిని గారు ఒక దారి చెప్పారు. టోపీని తిరగేసి నడిపితే, ఇంకా పూర్తిగా ఆరని చదువు కరిగి కొట్టుకుపోతుంది. పోయిన రోజులు రావు. మిగిలినవి, పెళ్ళి, ఆ పదిహేను రోజులు, ఎక్కడివక్కడ ఉంటాయి. కానీ ఇంటర్వ్యూకి చదివిందంతా పోతుంది, బహుశా ముందునుంచీ తెలిసినది కూడా కొంత. అది చేయాలంటే ఆ సాయంత్రం ఆరు లోపే చేయాలి. ఆ తర్వాత చదువు కరగనంతగా గట్టిపడిపోతుంది.

ఆయన వెంటనే తీగలు సర్దడం మొదలుపెట్టారు. నేను ఇంటికి వెళ్ళి అయిదింటికి చెబుతానన్నాను. చెప్పడానికేముందని ఆయన అడిగారు. చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం క్యాలెండరు ఎదురుగా నేలమీద కూర్చున్నాను. సముద్రం మీద ఎక్కడో అల్పపీడనం పుట్టిందని ఫోను చెబుతోంది. దాని బొమ్మ చూడగానే అది ఎటు కదులుతుందో, ఎన్నాళ్ళకి బలపడుతుందో, ఏ పల్లెలకి ముందు చెప్పాలో అన్నీ లోపల వరసగా వచ్చి నిలబడ్డాయి. పిలవకుండానే వచ్చే పిల్లల్లా. ఇదంతా కరిగించుకుని బుధవారం ఆ బల్ల ముందు కూర్చుంటే, నీళ్ళ గ్లాసు మళ్ళీ నా వైపు జరుగుతుంది. కరిగించుకోకపోతే, తలంబ్రాల బియ్యంతో కన్ను మూసుకున్న మనిషి పోతాడు. మళ్ళీ రాడు. ఏడుపొచ్చింది. ఇంతా చేసి ఎవరికోసం ఏడుస్తున్నానో కూడా రేపటికి తెలియదు కదా అని ఇంకా ఏడుపొచ్చింది.

అయిదవుతుండగా కింద హారన్ మోగింది. రెండు పొట్టి, ఒకటి పొడుగు. నా గుండె మళ్ళీ గంతేసింది. ఆ శబ్దం ఆయన ఎప్పుడు మొదలుపెట్టారో, ఎందుకు అలాగే కొడతారో నాకు తెలియదు. కారణం ఎప్పుడో కొట్టుకుపోయింది. సంతోషం మాత్రం కదల్లేదు. అది మెదడులో కాక ఇంకెక్కడో ఆరి రాయి అయిపోయినట్టుంది. టోపీ కింద ఉండే చోటు కాదు.

ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు, పద అన్నారు. నేను రానన్నాను.

“నన్ను మర్చిపోతావు చారూ. పూర్తిగా.”

“మీరు నన్ను మర్చిపోరు కదా.”

“నువ్వు రేపు లేచి నన్ను చూసి భయపడితే?”

“భయపడతాను,” అన్నాను. “ఇప్పుడే భయంగా ఉంది. కానీ మీరు రేపు కూడా ఉంటారు. ఈ ఇంటర్వ్యూ మళ్ళీ రాదు.”

ఆయన చాలా వాదించారు. ఉద్యోగానికి మొగుణ్ణి అమ్ముకునేవాళ్ళని చూడలేదన్నారు. వెంటనే తప్పయిందన్నారు. నేనూ నాలుగు మాటలన్నాను, ఫారంలో ముప్ఫై ప్రశ్నలు రాసినవాళ్ళు ముప్ఫై ఒకటోది రాసి ఉండాల్సిందని. అది ఆయనకి తగలకూడని చోట తగిలింది. బయటికి వెళ్ళి మొదటి అంతస్తు మలుపులో, కుక్క పాదం పక్కన కూర్చున్నారు. ఆరు దాటింది. అప్పుడు నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. తర్వాత కొత్త నోటుబుక్కు కొని తెమ్మన్నాను. ఈ పదకొండు రోజుల్లో జరిగిందంతా ఆయన చెబుతుంటే, నాకు మిగిలినవి కలుపుకుంటూ నేను రాసుకున్నాను. పెసరట్టు పిండి, గరిటె, మాడిన ముక్క, అన్నీ ఆయన చెప్పినవే. మొదట్లో నేను అంత సంబరంగా రాసిన ఆ పొద్దుటి పూట నాకు గుర్తులేదు.

ఈరోజు మంగళవారం. పొద్దున్న లేచేసరికి అద్దం ముందు ఎవరో మగమనిషి గడ్డం గీసుకుంటున్నాడు. గొంతులోంచి కేక రాలేదు, ఊపిరే వచ్చింది. దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడకి ఆనుకున్నాను. ఆయన కదల్లేదు. అద్దంలోంచే, దిండు కింద చూడమని వేలితో చూపించారు. నోటుబుక్కు ఉంది. మొదటి పేజీలో నా అక్షరాలు. “అద్దం ముందున్న మనిషి నీ భర్త. మంచివాడు. భయపడకు.” మొత్తం చదవడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ ఆయన ఒక చెంప నురగతోనే వంటగది గుమ్మంలో, నాకు దూరంగా, స్టూలు మీద కూర్చున్నారు.

చదివాక ఆయన మొహం చూశాను. నిజం రాయాలి. నాకేమీ అనిపించలేదు. మర్యాదస్తుడిలా ఉన్నాడు, రాత్రి నిద్రపోయినట్టు లేడు, అంతే. మాఘంలో మాటలూ పోయాయి. కంట్లో తలంబ్రాలు పడిన సంగతి ఈ పేజీల్లోనే చదివాను. పరాయి మనిషితో ఒక కప్పు కింద ఉన్నానని దుప్పటి మళ్ళీ గడ్డం దాకా లాక్కున్నాను. అప్పుడు కూడా, తీవ్ర తుపాను నలభై ఎనిమిది నుంచి అరవై మూడు నాట్లు అని లోపల ఎవరో ప్రశాంతంగా చెబుతున్నారు.

పెళ్ళి ఫోటోలు చూపించనా, నా పేరు వల్లె వేయించనా అని ఆయన అడిగారు. వద్దన్నాను. చెబితే అప్పజెప్పిన పాఠం అవుతుంది. పాఠాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి. నాకు ఒక ఆలోచన వచ్చింది, చెప్పాను. ఆయన విని స్క్రూడ్రైవరు తెచ్చి తలుపు మీద పేరు పలక విప్పేశారు. నోటుబుక్కులో ఆయన పేరు ఉన్న రెండు చోట్లా నల్ల సిరాతో కొట్టేశారు. పొద్దున్న చదివిన పేరు ఈ రాత్రి నిద్రతో ఎలాగూ పోతుంది. బట్టలు రెండు జతలు సంచిలో సర్దుకున్నారు. ఈ పూట నుంచి హాస్టల్లో ఉంటారు, మెస్సు సాంబారు తింటారు. వదిన ఫోనులో అంతా విని ముందు ఏడ్చి, తర్వాత ముక్కు చీదుకుని, అయితే ఈసారి మగపెళ్ళివాళ్ళమే మీ గుమ్మం ముందు నిలబడాలన్నమాట అంది. నాకు తోడుగా ఇప్పుడే బయల్దేరి వస్తోంది. ఏ వైపు మనిషిగా కూర్చోవాలో రేపటికి తేల్చుకుంటుందట.

గుమ్మం దగ్గర ఆయన ఆగారు.

“ఈసారి నేను నచ్చకపోతే?”

“ఇంటికెళ్ళి కబురు చేస్తాం అంటాను.”

నవ్వుదామనుకున్నారు, రాలేదు. నీళ్ళు కావాలన్నారు. గ్లాసు ఇస్తే సగం చొక్కా మీద ఒలికింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ ఎండిన నోరు నాకు బాగా తెలుసు. ఆ ఒక్క క్షణం ఆయన పరాయివాడిలా అనిపించలేదు. కింద స్కూటరు కదిలేటప్పుడు హారన్ కొట్టలేదు. కొడితే ఏమయ్యేదో నాకు తెలియదు, ఆ నోటుబుక్కులో రాసిన గంతు ఇంకా ఉందో లేదో కూడా. తెలుసుకోవడానికి ఇంకా ధైర్యం చాలలేదు.

క్యాలెండరులో ఈరోజు గడి ఖాళీగా ఉంచాను. పసుపుపచ్చ చీర ఇస్త్రీ చేసి పెట్టాను, సర్టిఫికెట్లు ఫైల్లో సర్దాను. బొంబాయి రవ్వ నెయ్యిలో వేయించి ఉంచాను. వచ్చినవాళ్ళకి ఉప్మా పెట్టాలి, కాఫీ నేనే తెస్తాను, కూర్చున్నాక తలెత్తి మీ పేరేమిటండీ అని నేనే ముందు అడుగుతాను.

రేపు ఉదయం పది గంటలకి నా ఇంటర్వ్యూ. సాయంత్రం నాలుగింటికి ఆయనది.